సముద్రం లోపల వేడి.. మన ఊళ్లో వాన

పెద్దతిప్పసముద్రం పేరులో సముద్రం ఉంది గానీ, అసలు సముద్రం ఇక్కడికి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. మన సీమలో పెద్ద చెరువులను ‘సముద్రం’ అని పిలవడం పాత అలవాటు. అయితే ఆ చెరువులు నిండాలన్నా, మదనపల్లె టమాటా తోటలు నీట మునగకుండా ఉండాలన్నా బంగాళాఖాతం వైపు చూడాల్సిందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానలు ఎక్కువగా అటునుంచి వచ్చేవే.

భూమి వేడెక్కుతోందంటే మనకు ఎండలే గుర్తొస్తాయి. కానీ అదనంగా పోగవుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే పోతోంది. అది పైపైనే ఆగదు, ప్రవాహాలతో పాటు లోపలికీ దిగుతుంది. దీన్ని కొలవడానికి ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 ‘ఆర్గో’ పరికరాలు తేలుతున్నాయి. ఇవి 2,000 మీటర్ల లోతుకు దిగి, సుమారు పది రోజులకోసారి పైకొచ్చి, నీటి వేడి, ఉప్పదనం లెక్కలు ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశంలో ఈ పని చూసేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ.

లోపలి వేడితో మనకేం పని? తుపాను వచ్చినప్పుడు గాలులు సముద్రాన్ని చిలుకుతాయి. అడుగు నుంచి చల్లని నీరు పైకొస్తే తుపాను బలం తగ్గుతుంది. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి వంటి నదుల మంచినీరు తేలికగా ఉండి పైన పొరలా పరుచుకుంటుంది. ఆ పొర వల్ల పైనీరు, అడుగునీరు సులువుగా కలవవు. పైగా లోపల కూడా వేడినీరే ఉంటే తుపాను చల్లబడదు, ఇంకా బలపడుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే కుండపోత వానలు పెరుగుతాయి.

2021 నవంబరు 19న చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది తుపాను కాదు, వాయుగుండం మాత్రమే. అయినా చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ ఒక్క వానకు వాతావరణ మార్పే కారణమని చెప్పేయలేం. కానీ అలాంటి వానలకు మనం సిద్ధంగా ఉండాలన్నది మాత్రం ఖాయం.

కాబట్టి నవంబరులో వాయుగుండం అన్న మాట వింటే తేలిగ్గా తీసుకోకండి. కోసిన పంటను ముందే లోపలికి చేర్చండి. వాగు పారుతుంటే పిల్లల్ని దాటనివ్వకండి. వాతావరణ శాఖ ‘మేఘదూత్’ యాప్‌లో తెలుగులోనే సమాచారం దొరుకుతుంది. ఫోన్ చూడటం రాని పెద్దలకు ఇంట్లో పిల్లలే చదివి వినిపించాలి.