గింజ కొరికితే బీరు జాతకం!

హార్లిక్స్ సీసా మూత తీయగానే ఓ కమ్మటి వాసన వస్తుంది కదా? అందులో చాలావరకు మాల్ట్ వాసనే. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలక రానిచ్చి, వేడిగాలికి ఆరబెడితే అదే మాల్ట్. మన ఇళ్లలో రాగుల్ని మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి పట్టించి రాగిమాల్ట్ చేస్తారే, ఇంచుమించు అదే పద్ధతి. బీరు రంగు, రుచి, కిక్కు అన్నీ ఈ గింజ దగ్గరే మొదలవుతాయి.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం పెద్ద హాబీ. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా, అంటే దాదాపు 757 లీటర్లు, పన్ను లేకుండా చేసుకోవచ్చు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. ఇక్కడ ఈ సరదా కుదరదండోయ్. మన రెండు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం.

డాలస్‌లో ఉండే నా ఫ్రెండ్ ఒకడికి ఈ పిచ్చి పట్టింది. పోయిన వేసవిలో శనివారమంతా గరిటె తిప్పి 19 లీటర్లు కాచాడు. చక్కెర ఎంత దిగిందో చెప్పే హైడ్రోమీటర్ 1.050 చూపించాలి. 1.041 దగ్గరే ఆగిపోయింది. తాగితే పలచగా, తడిసిన అట్టపెట్టె రుచి. "నీళ్లు మార్చా, థర్మామీటర్ మార్చా. మాల్ట్ మీద డౌటే రాలేదు మామా" అన్నాడు. తీరా చూస్తే, మర పట్టించిన మాల్ట్ సంచి మూతి కట్టకుండా మూడు నెలలు గ్యారేజీలో పడేశాడు. పొట్టు చీలిన గింజ గాల్లో తేమని ఇట్టే లాగేస్తుంది. గింజలుగానే చల్లగా, పొడిగా దాస్తే ఏడాది దాకా నిలిచే సరుకు అది.

ఇంతకీ మంచి మాల్ట్‌ని ఎలా పట్టాలి? నాలుగు గింజలు నోట్లో వేసుకోండి. నిజంగా అంతే. కరకరలాడి, వెంటనే పిండిగా విరిగి, నమిలేకొద్దీ తియ్యగా ఉంటే మంచిది. అప్పడం మెత్తబడినట్టు సాగితే తేమ పట్టింది. చివర్న చిన్న రాయిలా పంటికి తగిలితే మొలక పూర్తిగా రాకముందే ఆరబెట్టేశారు. మొలకెత్తేటప్పుడే గింజలో పిండిని పట్టుకున్న గోడలు కరుగుతాయి, ఆ పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవుతాయి. తొందరపడితే పిండి లోపలే బందీ. ఆలస్యం చేస్తే ఆ పిండిని మొలకే తినేస్తుంది.

అనుమానముంటే గింజని నిలువుగా చీల్చండి. పొట్టు కింద వీపు వైపు సన్నటి మొలక కనిపిస్తుంది. గింజ పొడవులో ముప్పావు వంతు నుంచి పూర్తి పొడవు దాకా ఉంటే భేష్. పొట్టు దాటి బయటికొస్తే మొలక మరీ ఎక్కువైనట్టు. పాతకాలపు వాళ్లయితే సగానికి విరిచిన గింజతో నల్లటి చెక్క మీద గీసేవారట. సుద్దముక్కలా తెల్లటి గీత పడితే సరుకు పాస్! నీళ్లలో వేసి చూడటమూ ఉంది: పచ్చి బార్లీ మునుగుతుంది, బాగా మొలిచిన మాల్ట్ చాలావరకు తేలుతుంది.

ఈ పరీక్షలన్నీ పేల్ మాల్ట్ లాంటి అసలు సరుక్కే. క్రిస్టల్ మాల్ట్ కొరికి గాజులా ఉందని షాపువాడితో గొడవ పెట్టుకోకండి. దాన్ని తయారు చేయడమే అలా చేస్తారు.

వాసన ముక్కిపోయిన బియ్యంలా వస్తే, పురుగు కనిపిస్తే వదిలేయండి. గింజల మీద గులాబీ, నారింజ మరకలుంటే మరీ జాగ్రత్త. అది ఫ్యుజేరియం అనే బూజు కావచ్చు. విషపదార్థాల సంగతి సరే, అలాంటి మాల్ట్‌తో చేసిన బీరు మూత తీయగానే సీసాలోంచి ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది.

నోటికి అందని లెక్కలు కొన్నుంటాయి. వాటికోసం మాల్ట్ కంపెనీలు ఒక్కో లాటుకి పరీక్షల రిపోర్టు ఇస్తాయి. తేమ 4, 5 శాతం దగ్గర ఉండాలి. ప్రొటీన్ 12 శాతం దాటితే బీరు మసకబారే ఛాన్స్ ఎక్కువ. అన్నిటికన్నా నేను ముందు చూసేది డయాస్టాటిక్ పవర్. ఎంజైముల బలం ఎంతో చెప్పే ఈ లెక్క లింట్నర్ డిగ్రీల్లో ఉంటుంది. కుండలోని గింజలన్నీ కలిపి సగటున 35 అయినా లేకపోతే పిండి చక్కెరగా మారడం కష్టమే. అమెరికన్ పేల్ మాల్ట్‌కి సాధారణంగా 100 పైనే ఉంటుంది. క్రిస్టల్‌కి సున్నా.

మావాడు ఇప్పుడు మర పట్టని గింజలే కొంటున్నాడు, చిన్న మర కూడా తెచ్చుకున్నాడు. మొన్న వీడియో కాల్‌లో ఫోన్ బుగ్గ దగ్గర పెట్టి మరీ కరకర వినిపించాడు. ఈసారి హైడ్రోమీటర్ 1.049 చూపించిందట.