ఫ్రీ ట్యాబ్ లింక్ వచ్చిందా? క్లిక్ చేసే ముందు ఇది చదవండి

"స్టూడెంట్స్ అందరికీ ప్రభుత్వం ఫ్రీ ట్యాబ్ ఇస్తోంది. ఈ లింక్‌లో రిజిస్టర్ అవ్వండి, 10 మందికి షేర్ చేయండి." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మీ వాట్సాప్ గ్రూపులోకి ఇలాంటి మెసేజ్ వస్తే ఒక్క నిమిషం ఆగండి.

ఎందుకు నమ్ముతున్నారు?

గతంలో ట్యాబ్‌లు నిజంగానే ఇచ్చారు కాబట్టి. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి సీఎం జగన్ ఈ పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వ స్కూళ్లలో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు శాంసంగ్ ట్యాబ్‌లు, అందులో బైజూస్ పాఠాలు. 2023 డిసెంబర్ 21న అల్లూరి జిల్లా చింతపల్లిలో రెండో విడత జరిగింది.

తేడా ఎక్కడ?

అప్పుడు ఏ లింకూ నొక్కాల్సిన పని లేదు. ట్యాబ్ స్కూల్లోనే పిల్లల చేతికిచ్చారు. "కేంద్రం ఫ్రీ ల్యాప్‌టాప్‌లు ఇస్తోంది" అంటూ తిరిగిన మెసేజ్‌ను కూడా పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఫేక్ అని తేల్చేసింది.

నొక్కితే ఏమవుతుంది?

ఇలాంటి లింకులు ముందు పేరు, ఆధార్ అడుగుతాయి. తర్వాత బ్యాంక్ వివరాలు, ఓటీపీ. అది చెప్పారంటే, గుజరాత్ వేటకో చెన్నై పనికో వెళ్లిన నాన్న పంపిన డబ్బు క్షణాల్లో పోవచ్చు.

ఏం చేయాలి?

▪ డౌట్ ఉంటే స్కూల్ హెడ్మాస్టర్‌ని అడగండి.
▪ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.
▪ మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయొద్దు.
▪ డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెప్తే, ఆ డబ్బును ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.