కూర్చున్నచోటనే కదలండి

మీ ఇంట్లో వృద్ధురాలైన ఒక తల్లి ఉన్నదనుకోండి. మోకాళ్లు అరిగిపోయాయి. కర్ర లేనిదే నాలుగడుగులు వేయలేదు. ఆమె లేవబోతే మనం ఏమంటాము? "నువ్వు కూర్చో అమ్మా, మేము తెస్తాం కదా" అంటాము. మంచినీళ్లు మంచం దగ్గరికే వస్తాయి. అన్నం కంచం చేతికే వస్తుంది. ఇదంతా ప్రేమతోనే చేస్తాము. కాని కొన్ని నెలలు గడిచేసరికి ఆ తల్లి కర్రతో కూడా లేవలేకపోతుంది. అప్పుడు "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటాము.

ఆలోచించండి, అది వయసు ఒక్కటే చేసిన పనా? కాదు. వాడని కండ కరిగిపోతుంది. కండ తగ్గితే కాళ్లలో పట్టు తప్పుతుంది. పట్టు తప్పితే పడిపోతామనే భయం కలుగుతుంది. ఆ భయంతో అసలే కదలరు. అప్పుడు మిగిలిన కండ కూడా పోతుంది.

మరి పోయిన బలం తిరిగి వస్తుందా? 1990లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ఒక సంగతి ప్రచురించారు. వృద్ధుల సంరక్షణాలయంలో ఉంటున్న, దాదాపు 90 ఏళ్ల వయసుగల 10 మంది బలహీనులచేత వారు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. 9 మంది 8 వారాలు పూర్తిచేశారు. వారి కాళ్ల బలం సగటున రెండింతలకు మించి పెరిగింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడిచారు! 90 ఏళ్లలో కూడా కండ బలపడగలదని దీనివలన తెలుస్తున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో వైకల్యంగల వృద్ధులను కూడా చేర్చింది. వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, 3 రోజులు నిలకడ కొరకు అభ్యాసం మంచివని చెప్పింది. అంత చేయలేనివారు నిరాశపడవద్దు. ఏమీ చేయకపోవడం కంటే కొంచెమైనా చేయడం మేలని కూడా చెప్పింది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వస్తే అది ఓ మాదిరి శ్రమ.

ఎలా మొదలుపెట్టాలి? గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. కూర్చొని ఒక కాలు ముందుకు చాపి, ఐదు లెక్కపెట్టి దించండి. తరువాత రెండవ కాలు. మడమలు ఎత్తండి, దించండి. చిన్న నీళ్ల సీసా పట్టుకొని చేయి పైకెత్తండి. చక్రాల కుర్చీలో ఉన్నవారు బ్రేకు వేసుకొని చేతుల వ్యాయామం చేయవచ్చు. లేవగలవారు కుర్చీ చేతులు పట్టుకొని మెల్లగా లేచి కూర్చోవాలి. ప్రక్కన ఒకరు నిలబడాలి. మొదట ఐదుసార్లు చాలు.

ఒక జాగ్రత్త. గుండె జబ్బు, పక్షవాతం ఉన్నవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు ముందుగా డాక్టరును అడగండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి, వైద్య సహాయం పొందండి.

ప్రియులారా, నాలుగడుగులు వేయగల అమ్మ రేపు మంచినీళ్లు అడిగితే గ్లాసు తెచ్చి ఇవ్వకండి. మీ చేయి అందించండి. బిందె దాకా ఆమె ప్రక్కన నడవండి.