మన నవలలు - ముదిమి దాంపత్యము

తెలుగున నవలలకు కొరత లేదు. కాని వానిలో పెక్కు పెండ్లిపందిరితోనో, విరహముతోనో ముగియుచున్నవి. మంగళసూత్రధారణమునకు పిమ్మట నలువది యేబది వత్సరములు ఒకే యింటికప్పు క్రింద గడపిన దంపతుల కథను వ్రాయుటకు మన రచయితలేల వెనుదీయుచున్నారో విచారింపదగియున్నది.

మన నవల ఆదిలో ఇట్లుండలేదు. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును వెలువరింప నారంభించినపుడు కథానాయకుడు నూనూగుమీసముల యువకుడు కాడు. ఇల్లాలును, ఎదిగిన బిడ్డలును గల గృహస్థు. ముఖస్తుతులకు లోబడి, బంగారము చేసెదనన్న వాని నమ్మి, ఆస్తిని గోల్పోయి, సంసారభారమును మోసినవాడు. పిదప 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందిన గోపీచందుగారి నవలకు పేరే పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా. ఇట్టివి మనకు లేకపోలేదు. చాలినన్ని లేవనియే మా వాదము.

శ్రీరమణగారి మిథునము నవల కాదు, కథయే. అయినను బాపుగారు దానిని స్వహస్తముతో వ్రాసికొనిరి. 2012లో తనికెళ్ల భరణిగారు చలనచిత్రముగా తీసిరి. అందు అప్పదాసు, బుచ్చిలక్ష్మి కలహించుకొనుచునే యొకరికొకరై బ్రదుకుదురు. పునిస్త్రీగా పోవలెననుట మన యిల్లాండ్ర చిరకాలపు కోరిక. బుచ్చిలక్ష్మి యట్లు తలపలేదు. తాను ముందు పోయినచో ఆ ముసలివానిని చూచువారెవ్వరని, భర్త ముందు పోవుటయే మేలనుకొన్నది. కొలంబియా రచయిత గార్సియా మార్క్వెజు 1985లో ప్రకటించిన నవలలో స్నానపుగదిలో సబ్బు లేదను చిన్న తగవు దంపతులను నెలల తరబడి ఎడముగా నుంచును. దేశములు వేరైనను కాపురము ఒక్కటియే.

ఇక మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములను చూడుడు. 1970లో కర్నూలు జిల్లానుండి విడివడి, 1972లో ప్రకాశము పేరు దాల్చిన జిల్లాలో చేరిన సీమ యిది. వానలు తప్పిన యేట పడుచువారు పనులకై హైదరాబాదునకు, బెంగుళూరునకు వలస పోవుదురు. చదివిన బిడ్డలు అంతకంటె దూరము పోవుదురు. ఇంట మిగులువారు వృద్ధదంపతులు. కొన్ని గ్రామములలో ఫ్లోరైడు నీరు వారి కీళ్లను వంచినది. ఎందరో పిల్లలు మార్కాపురపు పలకలమీద ఓనమాలు దిద్దిరి. ఆ పలకలను కోసిన చేతులిప్పుడు ముడుతలు పడినవి. ఆ చేతుల కథను మాత్రము వ్రాసినవారు అరుదు.

ఇది సాహిత్యపు ముచ్చట మాత్రమే కాదు. పొలమంతయు బిడ్డల పేర వ్రాసి యిచ్చిన మరునాడు తండ్రి మాటకు విలువ యెంత? తన పేర సెంటు భూమియైన లేని యిల్లాలు, భర్త పోయిన పిదప ఏ కొడుకు వాకిట నిలువవలెను? పోషింతుమను షరతుతో ఆస్తి పుచ్చుకొని పోషింపనిచో ఆ దస్తావేజును రద్దుపరుపవచ్చునని 2007 నాటి చట్టము చెప్పుచున్నది. కాని కన్నబిడ్డలపై ఫిర్యాదు చేయుటకు ఎందరు తల్లులు గడప దాటుదురు? చట్టము తిండిగింజల నిప్పింపగలదు. పలుకరించు నోటి నిప్పింపజాలదు. ఈ సంగతిని ఇంటింట చదివించి, సిగ్గుపరచి, కరగించుట మంచి నవలకే సాధ్యము.

కావున ఆ సీమ యువకులలో కలము పట్టువారిని మేము కోరునది యొక్కటియే. సెలవులకు ఊరికి వచ్చినపుడు అరుగుమీద కూర్చుండి, తాత, అవ్వ చెప్పుకొను మాటలను, వారి తగవులను, వారి మౌనమును వినుడు, విన్నది వ్రాయుడు. భూవసతి గల మా పాఠకులును దస్తావేజుపై సంతకము చేయుటకు ముందు, ఆ పొలమున తమతో సమముగా ఎండలో నిలిచిన యిల్లాలిని ఒక్కమాట అడుగుదురు గాక!