క్యాంపు మంచం దగ్గరికే కాలేజీ క్లాసు

ఇంటర్‌తోనో, డిగ్రీ మధ్యలోనో చదువు ఆపేసి గల్ఫ్ విమానం ఎక్కినవాళ్లు మన క్యాంపుల్లో ఎంతోమంది ఉన్నారు. దూరవిద్యలో చేరాలంటే ఫీజు ఎంత, ఫారం ఎలా నింపాలి అని వాళ్లు ఆఫీసు గుమాస్తాలమైన మమ్మల్ని అడుగుతుంటారు. ఫారం నింపడం తేలికే. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పుస్తకం ఉంటుంది, అర్థం కాని చోట అడగడానికి మనిషి ఉండడు. రెండు పాఠాలు చదివి పుస్తకాన్ని పెట్టెలో పడేస్తారు. చెమటోడ్చి కట్టిన ఫీజు వృథా అవుతుంది. ఈ లోటు తీర్చడానికే చాలా కోర్సుల్లో ఆన్‌లైన్ చర్చా బృందాలు పెట్టారు.

ఇది కొత్త పద్ధతా?

కాదు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1988లోనే ఒక కోర్సులో వెయ్యి మందికి పైగా విద్యార్థులను ఇళ్లలోని కంప్యూటర్ల ద్వారా చర్చలో కలిపింది. మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. అప్పట్లో పుస్తకాలు, స్టడీ సెంటర్ క్లాసులే దిక్కు. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'స్వయం' కోర్సులకు నాలుగు భాగాలు ఉంటాయి: వీడియో పాఠం, చదువుకునే పాఠం, స్వయంగా పరీక్షించుకునే ప్రశ్నలు, నాలుగోది చర్చ. మనవాళ్లు మొదటి మూడూ చూసి, నాలుగోది వదిలేస్తున్నారు.

మనకే ఎక్కువ లాభం

ఇండియాలో రాత్రి 7 గంటలకు లైవ్ క్లాసు అంటే దుబాయ్‌లో సాయంత్రం 5:30, కువైట్‌లో 4:30. అప్పటికి మనం సైట్‌లోనో, డ్యూటీ బస్సులోనో ఉంటాం. రాతలో జరిగే చర్చకు ఆ ఇబ్బంది లేదు. రాత్రి భోజనం అయ్యాక చదివి, శుక్రవారమో ఆదివారమో, సెలవు రోజున తీరిగ్గా జవాబు రాయవచ్చు.

మన పని అనుభవం కూడా అక్కడ పనికొస్తుంది. బీకాంలో తరుగుదల పాఠమే తీసుకోండి. 12 లక్షల రూపాయల యంత్రం 5 ఏళ్లు పనిచేసి, చివరికి తుక్కు కింద 2 లక్షలకు పోతుందనుకుందాం. మిగతా 10 లక్షలను ఏడాదికి 2 లక్షల చొప్పున ఖర్చు రాయాలని ఒక పద్ధతి. యంత్రాలు నడిపే మన ఆపరేటర్‌కు మాత్రం అనుమానం వస్తుంది: డబుల్ షిఫ్టు నడిచిన ఏడాదీ, ఊరికే నిలబడ్డ ఏడాదీ ఒకటేనా? దానికీ లెక్క ఉంది. యంత్రం మొత్తం 10,000 గంటలు నడుస్తుందంటే గంటకు 100 రూపాయలు. 3,000 గంటలు నడిచిన ఏడాది 3 లక్షలు, 1,000 గంటలే నడిస్తే 1 లక్ష. ఆ అనుమానం రాసి పెడితే చదివే పదిమందికీ పాఠం తలకెక్కుతుంది.

అడిగే తీరు

'నాకేమీ అర్థం కాలేదు' అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. ఏ పాఠం, ఏ పేజీ, ఎంతవరకు అర్థమైంది, ఎక్కడ ఆగిపోయారు అనే నాలుగు ముక్కలు రాయండి. ఇంగ్లిష్ తప్పులు పోతాయని జంకవద్దు. చిన్న వాక్యాలు చాలు. తెలుగు మీడియం కోర్సయితే తెలుగులోనే రాయండి. వేరేవాళ్ల జవాబు మక్కీకి మక్కీ దించితే మార్కులు పోయే ప్రమాదం ఉంది. చర్చకు మార్కులున్నాయో లేవో కోర్సు నిబంధనల్లో ముందే చూసుకోండి. మార్కులు లేకపోయినా వదలవద్దు. పరీక్షలో రాయబోయే జవాబుకు అదే సాధన.

జాగ్రత్తలు

అకామా, పాస్‌పోర్టు ఫొటోలు బృందంలో పెట్టవద్దు. వాదన వచ్చినా నోరు జారవద్దు. ఎమిరేట్స్‌లో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో ఒకరిని తిట్టి రాయడం కూడా నేరమే. 'పరీక్ష లేకుండా డిగ్రీ' అనేవాళ్ల మాట నమ్మవద్దు. ఇంజనీరింగ్ డిగ్రీని దూరవిద్యలో ఇస్తామన్నా నమ్మవద్దు, యూజీసీ 2020 నిబంధనలు దాన్ని అనుమతించవు.

ఫీజు కట్టేముందు మూడు సంగతులు కనుక్కోండి: ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందా? పరీక్ష ఎక్కడ రాయాలి, ఆ రోజులకు కంపెనీ సెలవు ఇస్తుందా? సందేహం వస్తే అడగడానికి చర్చా బృందం ఉందా, అందులో అధ్యాపకులు జవాబిస్తారా? మూడింటికీ సరైన సమాధానం వస్తే ధైర్యంగా చేరండి. చేరిన మొదటి వారంలోనే ఒక ప్రశ్న అడగండి. ఒకసారి అడిగితే బెరుకు పోతుంది, రెండోసారి మీరే ఇంకొకరికి జవాబు చెబుతారు.