నిద్రలేమి – కుంగిన మనసు

'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్నారు పెద్దలు. నిద్ర ముంచుకొచ్చినవాడికి పట్టుపరుపూ కటికనేలా ఒక్కటే. శరీరానికి నిద్ర అంత అవసరం. మరి నిద్ర కరువైతే మెదడులో ఏం జరుగుతుంది?

మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంది. భయం, కోపం వంటి ఉద్వేగాలను రేపడంలో దీనిది ప్రధాన పాత్ర. నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం దీనికి కళ్ళెం వేస్తుంది. 2007లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతులైన యువతీయువకులను సుమారు 35 గంటలు మేల్కొని ఉంచి పరీక్షించారు. బాధాకరమైన చిత్రాలు చూసినప్పుడు వారి అమిగ్డలా, నిద్రపోయినవారి కంటే 60 శాతం ఎక్కువగా స్పందించింది. కళ్ళెం సడలిందన్నమాట. నిద్ర చాలని రోజున చిన్నమాటకే మనకు చిరాకు కలగడానికి ఇదొక కారణం.

అయితే డిప్రెషన్, అంటే మానసిక కుంగుబాటు ఉన్నవారిలో ఒక వింత కనిపిస్తుంది. ఒక రాత్రంతా మేలుకొంటే, వారిలో దాదాపు సగం మందికి మరునాడు మనసు తేలికపడుతుంది. 1971లో జర్మనీ వైద్యులు ఫ్లూగ్, టోలె ఈ సంగతిని వివరంగా ప్రకటించారు.

దీనికి కారణమేమిటి? మెదడుకు గ్లూకోజు ఇంధనం. ఎక్కువ పనిచేసే భాగం ఎక్కువ గ్లూకోజు వాడుకుంటుంది. పెట్ స్కానింగుతో దీనిని కొలవవచ్చు. 1992లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఈ పరీక్ష చేశారు. జాగరణతో మేలు పొందినవారిలో, ఉద్వేగాలతో సంబంధమున్న సింగ్యులేట్ అనే భాగం అంతకుముందు అతిగా పనిచేస్తూ ఉండేది. జాగరణ తరువాత దాని జోరు తగ్గింది. 2023లో వెలువడిన మరో పరిశోధనలో, అమిగ్డలాకూ సింగ్యులేట్ ముందుభాగానికీ మధ్య అనుసంధానం బలపడినవారిలో మనసు కుదుటపడినట్లు తేలింది.

అలాగైతే రోగులందరిచేతా జాగరణ చేయించవచ్చు కదా అని మీకు తోచవచ్చు. కాని ఈ ఊరట నిలిచేది కాదు. తిరిగి నిద్రపోగానే చాలామందిలో కుంగుబాటు మళ్ళీ వస్తుంది. ఒక్కొక్కసారి పగటి కునుకు కూడా అందుకు చాలు. కొందరిలో అతి ఉద్రేకం కలిగే ప్రమాదమూ ఉంది. పైగా దీర్ఘకాలం నిద్ర లేకపోతే కుంగుబాటు వచ్చే అవకాశం పెరుగుతుంది. కనుక వైద్యుల పర్యవేక్షణలో తప్ప ఇటువంటి జాగరణ చేయరాదు.

కుంగుబాటు బద్ధకం కాదు, పిరికితనమూ కాదు. అది చికిత్స ఉన్న జబ్బు. రెండు వారాలు గడిచినా దిగులు వీడకపోతే తల్లిదండ్రులకో, ఉపాధ్యాయులకో చెప్పాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ వారిని 14416 నంబరులో తెలుగులోనే సంప్రదించవచ్చు. మీ వయసువారికి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కంటినిండా నిద్ర మనసుకు పెట్టని కోట.