రాగి తీగలో రొద.. వేగానికి కళ్లెం
లోపాల సవరణకు చందాదారుడు చెల్లించే మూల్యం

వానాకాలంలో టెలిఫోన్ స్తంభం వద్ద తీగ అతుకు తడిస్తే ఇంట్లో ఇంటర్నెట్ కుంటుపడటం దేశంలో ఎందరో చందాదారులకు ఏటా ఎదురైన అనుభవమే. తీగ తెగిపోదు, మోడెమ్ చెడిపోదు. సంకేతంలో రొద మాత్రం పెరుగుతుంది. ఆ రొదను తట్టుకోవాలంటే వేగాన్ని గానీ, సమయాన్ని గానీ వదులుకోక తప్పదు. బ్రాడ్‌బ్యాండ్ రంగంలో పోటీపడిన సాంకేతిక విధానాలన్నింటికీ పరీక్ష పెట్టింది ఈ బేరమే.

కేంద్ర ప్రభుత్వం 2004 అక్టోబరులో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్దేశించింది. ఇంటింటికీ చేరే మార్గాలలో టెలిఫోన్ రాగి తీగనూ, కేబుల్ టీవీ తీగనూ పేర్కొంది. ప్రభుత్వరంగ టెలిఫోన్ సంస్థలు 2005 జనవరిలో డీఎస్ఎల్ సేవలు ప్రారంభించాయి. ప్రైవేటు సంస్థలకు రాగి తీగలను తప్పనిసరిగా పంచాలన్న సూచనను ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పోటీ ఇతర మార్గాలకు మళ్లింది.

ఏ మార్గంలోనైనా వేగానికి ఒక అవధి ఉన్నదని అమెరికా శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లోనే నిరూపించారు. సంకేతానికి లభించే పౌనఃపున్యాల వెడల్పు, రొదతో పోల్చితే సంకేతానికి గల బలం ఆ అవధిని నిర్ణయిస్తాయి.

టెలిఫోన్ తీగ సంభాషణ కోసం వేసినది. దూరం పెరిగేకొద్దీ అందులో సంకేతం క్షీణిస్తుంది. పక్క తీగల సంకేతాలూ చొరబడతాయి. డీఎస్ఎల్ తొలినాళ్లలో మొత్తం సమాచారాన్ని ఒకే వాహక తరంగంపై పంపే పద్ధతికీ, వందల చిన్న వాహకాలకు పంచే పద్ధతికీ పోటీ జరిగింది. అమెరికా ప్రమాణాల సంఘం 1993లో రెండో పద్ధతికే మొగ్గింది. 1999 నాటి అంతర్జాతీయ ఏడీఎస్ఎల్ ప్రమాణం 1104 కిలోహెర్ట్జ్ వరకు గల పరిధిని 256 భాగాలు చేసింది. ఏ భాగంలో రొద ఎక్కువో అక్కడ మోడెమ్ తక్కువ బిట్లు పంపుతుంది, లేదా ఆ భాగాన్ని వదిలేస్తుంది. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రపు 738, విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్ ప్రసారాలు ఈ పరిధిలోనివే. ప్రసార స్తంభానికి దగ్గరలోని తీగ ఆ కార్యక్రమాన్ని గ్రహించినా నష్టపోయేది కొద్ది భాగాలే.

కేబుల్ టీవీ తీగకు లోహపు కవచం ఉంటుంది, పరిధి విశాలం. ఇంటికి వచ్చే దిశలో ఒక్క సంకేతంపై 6 నుంచి 8 బిట్లు పంపవచ్చు. చిక్కంతా తిరుగుదారిలోనే. వీధిలోని ఇళ్లన్నింటి రొద వాగులన్నీ చెరువులో కలిసినట్లు ఒకే చోటికి చేరుతుంది. అందుకే తొలితరం కేబుల్ మోడెమ్‌లు ఆ దిశలో 2 లేక 4 బిట్లతో సరిపెట్టుకున్నాయి. టీవీ ప్రసారం కోసమే వేసిన మన కేబుల్ వ్యవస్థలకు పలుచోట్ల తిరుగుదారే లేదు. స్థానిక ఆపరేటర్లు వేరే తీగలు లాగాల్సి వచ్చింది.

దోష సవరణ ఖరీదు

రొద వల్ల చెడిన అక్షరాలను గుర్తించి సరిదిద్దే రీడ్-సాల్మన్ పద్ధతి 1960 నాటిది. అందులో ప్రచారంలో ఉన్న ఒక రూపంలో 255 బైట్లలో 239 సమాచారం, 16 కాపలా బైట్లు. ఎక్కడ 8 బైట్లు చెడినా సరిదిద్దగలదు. ఇందుకు వేగంలో 6 శాతానికి పైగా ఖర్చవుతుంది.

ఎక్కడో మోటారు స్విచ్ వేయగానే సెకనులో నాలుగు వేలో వంతు కాలం రొద చెలరేగిందనుకుందాం. 8 మెగాబిట్ల వేగంలో ఒక్కసారిగా 250 బైట్లు పాడవుతాయి. 8 బైట్ల శక్తి చాలదు. అందువల్ల బైట్లను ముందే కలగలిపి అల్లి పంపుతారు. 32 సమూహాలుగా అల్లితే ఒక్కో సమూహానికి నష్టం 8 బైట్లకు మించదు. అయితే ఈ అల్లికకు సుమారు 8 మిల్లీసెకన్ల ఆలస్యం తప్పదు. అదే అల్లికను 256 కిలోబిట్ల వేగంలో వాడితే ఆలస్యం దాదాపు పావు సెకనుకు చేరి ఫోన్ సంభాషణ దెబ్బతింటుంది. నిజానికి ఆ వేగంలో చెడేది సుమారు 8 బైట్లే. అంత అల్లిక అక్కడ అవసరమే లేదు.

భద్రత కోసం అదనపు బలాన్ని అట్టిపెట్టుకోవడం మరో మార్గం. సాధారణంగా 6 డెసిబెళ్లు విడిచిపెడతారు. మరో 3 డెసిబెళ్లు పెంచితే ఒక్కో వాహకంపై సుమారు ఒక బిట్టు తగ్గుతుంది. 200 వాహకాలున్న తీగపై సెకనుకు 8 లక్షల బిట్లు కోల్పోయినట్లే. ఈ నిర్ణయం చందాదారుడి చేతిలో కాక సంస్థ చేతిలో ఉంటుంది. ప్రకటనలో కనిపించే వేగానికీ, ఇంట్లో అందే వేగానికీ మధ్య తేడాకు ఇదొక కారణం.

చివరకు ప్రత్యర్థులు ఒకే దారికి వచ్చారు. 2013 నాటి కేబుల్ ప్రమాణం కూడా అనేక వాహకాల పద్ధతినే స్వీకరించింది. కేంద్రం 2023లో కనీస వేగాన్ని 2 మెగాబిట్లకు పెంచింది. రాగి తీగల స్థానాన్ని గాజు తీగలు ఆక్రమిస్తున్నాయి. ఇళ్లకు గాజు తీగలు చేర్చే జీపాన్ ప్రమాణంలోనూ ఆ 255, 239 బైట్ల లెక్కే ఉంది. తీగ మారింది గానీ, రొదకు చెల్లించే సుంకం రద్దు కాలేదు.